రక్తపుపోటును అదుపు చేయుటకు ఎంత ఖర్చు?

ఇంగ్లండు దేశమున స్టీఫెన్ హేల్సు అను క్రైస్తవ మతాచార్యు డొకడుండెను. ఆయనకు దేవాలయపు పనితోపాటు ప్రకృతి పరిశోధనయందును మిక్కిలి ఆసక్తి. ఒక ఆడుగుఱ్ఱమును వెల్లకిల పరుండబెట్టి కట్టివేసి, దాని తొడయందలి రక్తనాళములో సన్నని ఇత్తడి గొట్టము నమర్చి, దానికి పొడవైన గాజుగొట్టమును తగిలించెను. రక్తము ఆ గాజుగొట్టములో 8 అడుగుల 3 అంగుళముల ఎత్తునకు ఎగసి, గుండె కొట్టుకొనినప్పుడెల్ల లేచుచు పడుచు నుండెను. ఈ సంగతిని ఆయన 1733వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో వ్రాసెను. రక్తపుపోటును కొలిచినవారిలో ఆయనయే ప్రథముడు.

గుఱ్ఱమునకు చేసినట్లు మనిషికి చేయుటకు వీలులేదు గదా. చేతికి గాలిసంచి కట్టి, దానిని ఉబ్బించి, పాదరసపు మట్టముతో పోటును కొలుచు సాధనమును 1896లో ఇటలీ దేశపు వైద్యుడు రివా రోచ్చి కల్పించెను. 1905లో రష్యా దేశపు వైద్యుడు నికొలాయ్ కొరొత్కోవ్, మోచేతి మడతయందు చెవిగొట్టము నుంచి వినినచో రెండు అంకెలును తెలియునని చూపెను. నేడు మన యింటికి దాపుననున్న వైద్యుడు చేయునది ఆ పనియే. ఒకటి పై అంకె, ఒకటి క్రింది అంకె. కొలుచుట యింత సులభమైనను, కొలిచిన పిమ్మట ఏమి చేయవలెనో మరి నలుబది ఏండ్లవరకు ఎవరికిని తెలియలేదు. వయసు మీరినకొలది రక్తపుపోటు పెరుగుట సహజమనియు, బిరుసెక్కిన నాళములలో రక్తము నడచుటకు అది అవసరమనియు, దానిని తగ్గింప యత్నించుట ప్రమాదమనియు పేరుపొందిన వైద్యులే బోధించిరి.

ఆ అజ్ఞానమునకు మూల్యము చెల్లించినవారిలో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు ఒకడు. 1944 మార్చి నెలలో హోవర్డు బ్రూయెన్ అను హృద్రోగ వైద్యుడు ఆయనను పరీక్షించినపుడు పోటు 186, 108గా నుండెను. ఉప్పు తగ్గించిన ఆహారము, విశ్రాంతి, గుండెకు డిజిటాలిస్, నరములకు శాంతినిచ్చు మందు: ఆనాటి వైద్యశాస్త్రము ఇయ్యగలిగిన దింతియే. 1945 ఏప్రిల్ 12వ తేదీన ఆయన తల వెనుక తీవ్రమైన నొప్పి యని పలికి ఒరిగిపోయెను. అప్పుడు పోటు 300, 190. మెదడులో రక్తనాళము చిట్లి, కొలది గంటలలో మరణము. ప్రపంచములోని ధనమంతయు ఎదుటనుంచినను కొనుటకు మందు లేని రోజు లవి. కనుక ఖర్చెంత యను ప్రశ్నయే అప్పటికి పుట్టలేదు.

మందు వచ్చిన తరువాతనే ఆ ప్రశ్న పుట్టినది. ఆ మందులలో మొదటి వరుసయందు నిలిచినదానికి మూలము మన దేశపు సర్పగంధ యని చెప్పుకొనుట మనకు సంతోషకరము. పిచ్చికిని, నిద్రలేమికిని, పాముకాటునకును తరతరములుగా వాడుచు వచ్చిన వేరు అది. 1931లో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుసేన్ సిద్దిఖీ అను రసాయనశాస్త్రజ్ఞులు దానినుండి కొన్ని క్షారద్రవ్యములను వేరుచేసిరి. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగులకు దాని నిచ్చి, పోటు తగ్గుటను గమనించి, 1949లో బ్రిటిషు హృద్రోగ పత్రికలో ప్రకటించెను. 1952లో స్విట్జర్లాండు దేశపు సీబా సంస్థ అందుండి రెసర్పిన్ అను ద్రవ్యమును వేరుచేసినది. మనసు క్రుంగుట మొదలగు దోషములు దానికి లేకపోలేదు. ఐనను అది చవుక. కొలది యేండ్లకే మూత్రమును హెచ్చించు థయజైడు మందులు దానికి తోడైనవి.

ఇట్టి మందులు నిజముగా ప్రాణము నిలుపునా యని పరీక్షించినవాడు ఎడ్వర్డు ఫ్రీస్. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులయందు ఆయన నడపిన పరిశోధన ఫలితము 1967లో వెలువడెను. క్రింది అంకె 115కు పైబడిన 143 మందిని రెండు జట్లుగా విభజించిరి. 73 మందికి నిజమైన మందు. 70 మందికి మందువలె కనబడు ఉత్త బిళ్ల. ఉత్త బిళ్ల పుచ్చుకొన్నవారిలో 27 మందికి పక్షవాతమువంటి తీవ్రమైన ఉపద్రవములు సంభవించినవి. మందు పుచ్చుకొన్నవారిలో ఇద్దరికి. ఇంత స్పష్టమైన తేడా వైద్యచరిత్రలో అరుదు. పోటు అంతగా లేని 380 మందిపై జరిపిన రెండవ భాగము 1970లో ప్రకటితమై, వారికిని మేలు కలదని తేల్చెను. 1972లో అమెరికా ప్రభుత్వము రక్తపుపోటును గూర్చి దేశవ్యాప్తమైన ప్రచారమును ఆరంభించెను.

మందు దొరకినది గదా, ఇక చిక్కేమి? చిక్కంతయు అక్కడినుండియే మొదలు. జార్జియా రాష్ట్రమున పరిశీలన చేసిన విల్బర్, బారో అను వైద్యులు 1972లో ఒక లెక్క వ్రాసిరి. పోటు గలవారిలో సగము మందికి అది యున్నదనియే తెలియదు. తెలిసినవారిలో సగము మంది చికిత్స పొందుట లేదు. చికిత్స పొందువారిలో సగము మందికి పోటు అదుపులో లేదు. అనగా నూటికి పండ్రెండు పదుమూడు మంది మాత్రమే గట్టెక్కుచున్నారు. దీనికి సగముల సూత్రమని పేరు వచ్చినది. దేశదేశములలో వైద్యులు తమ ఊళ్లను దీనితో కొలిచి చూచుకొనిరి.

ఈ సూత్రము నాకు పుస్తకమువలన తెలియక మునుపే మా యింటిలో తెలిసినది. 1980 ప్రాంతమున మా పెదతండ్రిగారికి పోటు ఉన్నదని పట్టణపు ఆసుపత్రిలో చెప్పిరి. పదునైదు దినములకు సరిపడు బిళ్ల లిచ్చి మరల రమ్మనిరి. తెల్లవారుజామున బస్సెక్కి, వరుసలో నిలుచుండి, ప్రొద్దుగ్రుంకిన పిదప ఇల్లు చేరవలెను. మూడుమారులు వెళ్లిరి. "నొప్పి లేదు, జ్వరము లేదు, బాగుగా తిని తిరుగువానికి మందెందుకురా?" అని నాలుగవమారు మానిరి. రెండేండ్లకు వారి కుడిచేయి, కుడికాలు పడిపోయినవి. మందు ఉచితమే. ఆ ఉచితపు మందునకు ఒక దినపు కూలియు, బస్సుఖర్చును ఎవరి లెక్కలోను చేరలేదు.

ఆ లెక్కను కొందరు శ్రద్ధగా వేసిరి. దానికి ముందు ఒక గొప్ప పరీక్షను గూర్చి చెప్పవలసియున్నది. 1973లో మొదలైన ఆ ప్రయత్నమున అమెరికాలోని 14 ప్రాంతములలో కార్యకర్తలు 1,58,906 మందిని పరీక్షించి, పోటు గల 10,940 మందిని చేర్చుకొనిరి. సగము మందిని యథాప్రకారము వారి వారి వైద్యుల యొద్దకు పంపిరి. మిగిలిన సగము మందికి ప్రత్యేక కేంద్రములు తెరచి, మందులు ఉచితముగా నిచ్చి, రాకపోకల కష్టమును తగ్గించి, ఎక్కువసేపు కూర్చుండబెట్టక, రానివారిని వెదకి రప్పించి, మెట్టు మెట్టుగా మందు పెంచుచు చూచిరి. రెండు జట్లకును మందులున్నవి, వైద్యులున్నారు. ఐదేండ్లకు లెక్క చూడగా, కేంద్రములలోని వారిలో మరణములు రెండవ జట్టుకంటె నూటికి 17 వంతులు తక్కువ. 1979లో ఈ ఫలితము వెలువడినపుడు కొందరు పండితులు దీనిని మందు గెలుపుగా కొనియాడిరి. నా బుద్ధికి తోచినంతవరకు గెలిచినది ఏర్పాటు.

హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన మిల్టన్ వైన్స్టీన్, విలియం స్టేసన్ అను వారు 1976లో ఈ వ్యాధి చికిత్సకగు వ్యయమునుగూర్చి ఒక గ్రంథము ప్రకటించిరి. జీవితాంతము మ్రింగు బిళ్లల వెల, వైద్యుని దర్శనముల వెల ఒకవైపు కూడిరి. తప్పిన పక్షవాతముల వలనను గుండెపోట్ల వలనను మిగులు ఆసుపత్రి ఖర్చు దానినుండి తీసివేసిరి. మిగిలిన మొత్తమును, చికిత్సవలన అధికముగా లభించు ఆరోగ్యవంతమైన సంవత్సరములతో భాగించిరి. ముందుజాగ్రత్త వలన ధనము మిగులునని పెక్కురు నమ్మిన కాల మది. మిగులదని వారి లెక్క తేల్చినది. తప్పిన రోగముల వలన తిరిగి వచ్చునది పెట్టిన ఖర్చులో కొద్దిభాగమే. తక్కినదంతయు ఆయుస్సును కొనుటకు ఇచ్చు వెల. దానిని వెలగా ఒప్పుకొని ఇచ్చుటయే న్యాయమని నా అభిప్రాయము. రోగము నాపినచో ఖజానా నిండునని చెప్పి పథకములు మంజూరు చేయించుకొన్నవారు, నిండకపోవుటను చూచి వాటిని ఆపివేసిన సందర్భములు ఎక్కడనైనను ఉండగలవు.

ఆ గ్రంథమునందలి రెండవ తీర్పు ఇంకను ముఖ్యము. చేతిలో ధనము పరిమితముగా నున్న ఊరు, క్రొత్త రోగులను వెదకుటకు శిబిరములు పెట్టుటకంటె, తెలిసిన రోగులచేత మందు మానకుండ మ్రింగించుటకే ఆ ధనమును వినియోగించుట మేలని వారు వ్రాసిరి. ఇది వినుటకు కటువుగా నుండును. శిబిరమునకు పందిరి కలదు, ఫోటో కలదు, పరీక్షించిన వారి సంఖ్య కలదు. మందు మానినవాని తలుపు తట్టుటకు ఇవి యేవియు లేవు. కాని పరీక్షించి విడిచిపెట్టినచో, సూత్రములోని మొదటి సగమును రెండవ సగములో పారబోసినట్లే.

తలుపు తట్టుట ఎవరు చేయవలెను? 1975లో న్యూయార్కు వైద్యుడు మైకేల్ ఆల్డర్మన్ దుకాణోద్యోగుల సంఘముతో కలసి చేసిన ఏర్పాటును ప్రకటించెను. పెద్ద దుకాణములో ఉద్యోగులు పనిచేయు చోటనే నర్సులు పోటు కొలిచి, మందు నడిపిరి. వైద్యుడు వెనుక నిలిచెను. చేరినవారిలో అధికభాగము నిలిచి, పోటు దిగినది. కెనడాలోని టొరాంటో నగరమున అలెగ్జాండర్ లోగన్, ఆయన సహచరులు దీనిని తూకముపై పెట్టిరి. 457 మంది ఉద్యోగులలో కొందరికి పనిచోటనే నర్సులచే చికిత్స. వైద్యుని ముందస్తు అనుమతి లేకయే మందు మార్చుటకు ఆ నర్సులకు అధికారము నిచ్చిరి. మిగిలినవారు తమ తమ కుటుంబ వైద్యుల యొద్దకు పోయిరి. ఆరు నెలలకు నర్సుల జట్టులో నూటికి 48.5 మందికి పోటు అదుపైనది. వైద్యుల జట్టులో 27.5 మందికి.

1981లో వారు ప్రకటించిన ఖర్చుల పట్టిక నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. ఏడాదికి మనిషి యొక్కరికి నర్సుల పద్ధతిలో మొత్తము 242.86 డాలర్లు, వైద్యుల పద్ధతిలో 211.34 డాలర్లు. మొదటి చూపునకు నర్సుల పద్ధతియే ఖరీదు. కాని క్రింది అంకె నర్సుల చేతిలో సగటున 12.1 మిల్లీమీటర్లు దిగెను, వైద్యుల చేతిలో 6.5 మాత్రమే. ఒక్కొక్క మిల్లీమీటరునకు భాగించి చూచినచో వైద్యుల పద్ధతి 32.51 డాలర్లు పడినది. నర్సుల పద్ధతికి మారుటవలన అదనముగా దిగిన ప్రతి మిల్లీమీటరునకు అదనపు ఖర్చు 5.63 డాలర్లు. కూరగాయల అంగడిలో తక్కువ వెల గల పుచ్చు వంకాయలను ఏ గృహిణియు కొనదు. ప్రభుత్వములు మాత్రము తరచు కొనుచుండును.

ఆ పట్టికలోనే మరియొక వరుస కలదు. వైద్యవ్యవస్థ భరించిన ఖర్చు నర్సుల పద్ధతిలో సుమారు 197 డాలర్లు, వైద్యుల పద్ధతిలో 129. రోగి తన జేబునుండి, తన కాలమునుండి పెట్టుకొన్నది నర్సుల పద్ధతిలో సుమారు 45 డాలర్లు, వైద్యుల పద్ధతిలో 82. అనగా చవుకగా కనబడిన వ్యవస్థ యొక్క చవుకతనములో కొంతభాగము రోగి జేబునుండి వచ్చినదే. మా పెదతండ్రిగారి బస్సుఖర్చు నాకు మొదటిసారి ఒక శాస్త్రీయ పట్టికలో ఇక్కడ కనబడినది.

ఫిన్లండు దేశపు ఉత్తర కరేలియా మండలమునుగూర్చి చాలమంది వినియుందురు. తమ మగవారు నడివయసులోనే గుండెజబ్బుతో కూలిపోవుచుండగా, 1971లో ఆ మండలపు ప్రజాప్రతినిధులు ప్రభుత్వమునకు అర్జీ పెట్టిరి. 1972లో పెక్కా పుస్కా అను యువవైద్యుని నాయకత్వమున పథకము మొదలైనది. పోటు గలవారి పట్టీలు తయారుచేసి, నర్సులచే వారిని చూపించిరి. మార్తా అను గృహిణుల సంఘము ఊరూర వంటలు చేసి చూపి వెన్నను, ఉప్పును తగ్గించినది. పనిచేయు వయసు మగవారిలో గుండెజబ్బు మరణములు మూడు దశాబ్దములు దాటునప్పటికి నూటికి 80 వంతులకు పైగా తగ్గినవి. ఐతే పొగాకు, వెన్న, పోటు మూడును ఒకేసారి తగ్గిన చోట, ఏ రూపాయికి ఏ ఫలితము దక్కినదో విడదీయుట కష్టము. అందుచే ఖర్చు విషయమున టొరాంటోవంటి చిన్న పరీక్షయే నాకు ఎక్కువ నచ్చును.

ఇవన్నియు కలిగిన దేశముల మాటలు. మనవంటి చోట ఏమగును? కరాచీ నగరమున తజీన్ జాఫర్ అను వైద్యురాలు 12 పేటలలో 1,341 మందిపై జరిపిన పరీక్ష 2009లో వెలువడెను. కొన్ని పేటలలో ఆరోగ్య కార్యకర్తలు ఇండ్లకు పోయి ఉప్పు, ఆహారము, వ్యాయామము, మందు గూర్చి బోధించిరి. కొన్నిటిలో ఆ పేటలలోని వైద్యులకు శిక్షణ నిచ్చిరి. కొన్నిటిలో రెండును చేసిరి. కొన్నిటిలో ఏదియు లేదు. రెండును కలిసినచోట పై అంకె 10.8 మిల్లీమీటర్లు దిగెను. ఒక్కటి మాత్రమే జరిగినచోట గాని, ఏదియు జరుగనిచోట గాని దిగినది 5.8 వంతున. ఒంటిచేతి పని ఊరకుండుటకంటె మెరుగు కాలేదన్నమాట. రెండును కలిపిన పద్ధతికి అదనపు మిల్లీమీటరునకు 23 డాలర్లని 2011లో లెక్క కట్టిరి. టొరాంటో డాలరును దీనిని ప్రక్కప్రక్కన పెట్టరాదు. కాలము వేరు, అంకె వేరు. పిదప బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక గ్రామములలో 2,645 మందితో ఇట్టి పద్ధతినే రెండేండ్లు నడపగా, మామూలు చికిత్సకంటె పై అంకె 5.2 మిల్లీమీటర్లు అధికముగా దిగెనని 2020లో ప్రకటించిరి. ఖర్చు మనిషికి ఏటా 11 డాలర్లకు లోపే.

మన గోదావరి సీమకు వచ్చెదము. 2003, 2004 సంవత్సరములలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో ఏడాదిపాటు జరిగిన 1,354 మరణములకు కారణములను ఇంటింట అడిగి తెలిసికొనిరి. గుండెజబ్బు, పక్షవాతము మొదలగు రక్తప్రసరణ వ్యాధుల వలన మరణించినవారు నూటికి 32 మంది. అంటువ్యాధుల వలన మరణించినవారు అందులో సగము కూడ లేరు. పోటును పట్టణముల జబ్బుగా, స్థూలకాయుల జబ్బుగా భావించుచుండిన మనకు ఇది కనువిప్పు కావలసినది.

పశ్చిమ గోదావరిలోనే తరువాత రెండు పరీక్షలు జరిగినవి. వాటి ఫలితములు ఒకదానికొకటి పొసగవు. ఒకదానిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధియందు ఆశా కార్యకర్తలకు చేతి కంప్యూటర్లనిచ్చి, ఇంటింట పోటు చూచి, ప్రమాదము గలవారిని వైద్యుని యొద్దకు పంపించిరి. 2019లో వెలువడిన ఫలితము ప్రకారము, పోటు అదుపైనవారి సంఖ్యలో చెప్పదగిన తేడా రాలేదు. రెండవదానిలో పశ్చిమ గోదావరి, రాయలసీమయందలి ఋషివ్యాలీ, కేరళలోని తిరువనంతపుర ప్రాంతపు గ్రామములలో ఆశా కార్యకర్తలు రోగులను చిన్న గుంపులుగా కూర్చుండబెట్టి, పదునైదు దినముల కొకమారు చొప్పున మూడునెలలు సమావేశములు జరిపిరి. పోటు కొలుచుట, మందు ఎందుకు మానరాదో మాటలాడుకొనుట, అంతియే. 2020లో ప్రకటించిన ఫలితములో పై అంకె ఇతర గ్రామములకంటె సుమారు 5 మిల్లీమీటర్లు ఎక్కువ దిగినది. యంత్రము ఓడి మాట గెలిచినదని నే ననుట లేదు. రోగిని కనుగొని పంపుట ఒక పని, కనుగొన్నవానిని నిలుపుట మరియొక పని. వైన్స్టీన్, స్టేసన్ 1976లో వ్రాసినదానికి ఇది దూరము కాదు.

2018లో భారతదేశమున ప్రభుత్వ ఆసుపత్రులలో పోటు చికిత్సను ఒక దారికి తెచ్చు ప్రయత్నము మొదలైనది. తొలి దశలో ఎంచుకొన్న అయిదు రాష్ట్రములలో తెలంగాణ ఒకటి. తక్కినవి కేరళ, పంజాబు, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర. వైద్యున కొక మందు కాక, రాష్ట్రమంతటికిని ఒకే వరుసలో రెండు మూడు మందులు నిర్ణయించిరి. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, క్లోర్తాలిడోన్ అనునవి వాటిలోనివి. అన్నియు పేటెంటు తీరినవి, పెద్దమొత్తమున కొనినచో అతి చవుకయైనవి. రోగికొక లెక్క తెరచి, రాని నెలలో రాలేదని తెలియునట్లు ఏర్పాటు చేసిరి. బిళ్లలు నెలకు సరిపడ ఒకేమారు ఇచ్చుట, పెద్ద ఆసుపత్రికి పోనక్కరలేక ఊరి దాపుననున్న ఉపకేంద్రముననే అవి దొరకునట్లు చూచుట అందలి భాగములు. మా పెదతండ్రిగారికి ఆ దూరము ఇరువది మైళ్లు.